ఇంటి డబ్బా

చేటమ్మ చేటని మేకుకి తగిలించి, గోడవైపు తిరిగి కూర్చుంది. తెల్లారినప్పటినుంచీ అదే వరస. వెనకాల ఏరాల్సిన వేరుశనగ గింజలు గుట్టగా పడి ఉన్నాయి. వాటికేసి కన్నెత్తి చూస్తే ఒట్టు.

"టీ చల్లారిపోతోందత్తయ్యా," అంది కోడలు.

"చల్లారనీ."

"పోనీ వేడి చేసి తేనా?"

"నా కళ్ళు పోయాయమ్మాయ్. కళ్ళు పోయినదానికి టీ వేడిగా ఉంటేనేం, చల్లగా ఉంటేనేం."

కళ్ళకీ టీకీ ఉన్న చుట్టరికం ఏమిటో కోడలికి అంతుపట్టలేదు. అయినా అడగలేదు. ఐదో నెల కడుపుతో ఉన్న మనిషి, నించునే ఓపిక లేక అత్తగారి పక్కనే ఒక ఖాళీ గోతం పరుచుకుని చతికిలబడింది. గ్లాసు మాత్రం ఇద్దరి మధ్యా పెట్టింది. ఎప్పటికైనా చెయ్యి దానంతటదే వెళ్తుందని ఆ పిల్ల ధైర్యం.

నిన్న సాయంత్రం ఫోన్ వచ్చిన దగ్గర్నించీ ఇల్లు ఇలాగే ఉంది. బిస్కెట్ల ఫ్యాక్టరీలో సరుకు పరీక్ష చేసే మేడమ్ చేసింది. "మీరు పంపిన సాంపిల్‌లో బూజు విషం ఉందండీ. ఉండకూడనంత ఉంది. ఒక్క బస్తా కూడా బయటికి పంపకండి. రేపు నేనే వచ్చి చూస్తాను." అంతే. చావుకబురు చల్లగా చెప్పి ఫోన్ పెట్టేసింది. విషమనే మాట ఇంట్లోకి వచ్చాక రాత్రి ఎవరికీ అన్నం సహించలేదు.

"అమ్మా, నువ్వేరింది ఎప్పుడైనా తప్పు పోయిందా?" అన్నాడు కొడుకు గుమ్మంలోంచి. వ్యాన్ తాళాలు వేలికి తిప్పుతూ నించున్నాడు పాపం, ఎక్కడికీ వెళ్ళే పని లేకపోయినా. "గోదాములో చెమ్మ పట్టి ఉంటుంది. మొన్నటి వానకి పైకప్పు కారుతోందని మొత్తుకున్నాను. నాన్న వింటేగా."

మామూలుగా అయితే ఈ మాటకి మూకుడాయన పది మాటలు అప్పజెప్పాలి. పెద్ద మూకుట్లో వేడి ఇసక పోసి గింజలు వేయించడం ఆయన పని, ఆ పని చేస్తూ వీధిలో పోయే ప్రతివాడికీ జవాబు చెప్పడం ఆయన సరదా. అలాంటి మనిషి ఇవాళ పొయ్యి వెలిగించకుండానే ఇసక తిప్పుతున్నాడు. తిప్పినదాన్నే తిప్పుతున్నాడు. నోరు మాత్రం విప్పడంలేదు.

"చెమ్మా లేదు, గిమ్మా లేదు," అంది చేటమ్మ గోడతో. "బూజు గింజ నా చేతి కిందనించి దాటిపోయింది. ముడతపడ్డది, రంగు మారినది, నల్లచుక్క పడ్డది, మొలకచోట చీలినది, ఏదీ నన్ను దాటేది కాదు. ఇప్పుడు దాటుతోంది. ఇదిగో అమ్మాయ్, ఇవాళ్టినుంచీ ఆ చేట నీది."

"నాకు తాలు గింజకీ మంచి గింజకీ తేడా తెలీదత్తయ్యా. మొన్న నేనేరితే మళ్ళీ మీరు కూర్చుని మొత్తం ఏరారు."

"నేర్చుకుంటావు."

"మీ అబ్బాయినే ఏరుకున్నాను కదా, నా ఏరుడు ఎలాంటిదో మీకు తెలీదా?"

ఇంకో రోజైతే చేటమ్మ పడీపడీ నవ్వేది. ఇవాళ మూతి కూడా కదపలేదు. ఆవిడకి చదువు లేదు. వంట అంతంతమాత్రం. పాట అసలే రాదు, జోలపాట పాడితే కొడుకు ఇంకా గట్టిగా ఏడ్చేవాడు. ఒక్క గింజ ఏరడంలో మాత్రం చుట్టుపక్కల ఆవిడకి సాటి లేదు. చేటలో గింజలు ఒక్క విసురు విసిరితే మంచివి ఒక పక్కకీ, తాలూతప్పా ఒక పక్కకీ మాట విన్నట్టు వెళ్ళేవి. అదికూడా పోయాక ఈ ఇంట్లో తానెందుకు, ముద్దకి తప్ప? రాత్రంతా ఆవిణ్ణి నమిలింది ఈ మాటే.

మేడమ్ అంటే ఏ కళ్ళజోడు పెద్దావిడో అనుకున్నారు. తీరా చూస్తే స్కూటర్ దిగి హెల్మెట్ చంకలో పెట్టుకున్న పిల్ల. వస్తూనే చెప్పులు విప్పి, "ముందు కాసిని మంచినీళ్ళిస్తారా?" అంది. ఆ అడగడంతోనే కోడలికి సగం భయం పోయింది.

గోదాములో బస్తాలన్నీ వరసగా ఉన్నాయి. మేడమ్ సంచిలోంచి గొట్టంలాంటి ఇనపచువ్వ తీసి, ప్రతి బస్తాలోకీ పైనా, మధ్యా, అడుగునా గుచ్చింది. ఏ బస్తా గింజలు ఆ బస్తాకే కలిపి చిన్న మిక్సీలో పొడి కొట్టింది. ఏదో మందు కలిపింది. ఊపింది. అందులో కాగితం పుల్ల ముంచి ఆగింది.

"ఒక గుప్పెడు చాలదా మేడమ్?" అన్నాడు కొడుకు.

"చాలదండీ. ఈ విషం బస్తా అంతా సమానంగా ఉండదు. బూజు పట్టిన గింజ ఎక్కడుంటే అక్కడే పోగవుతుంది. వందల గింజల్లో ఒక్కటే చెడ్డదున్నా, పొడి కొట్టాక సరుకంతటికీ అంటుకుంటుంది. ఒక్కోసారి పైకి బూజు కనపడను కూడా కనపడదు."

"వేయిస్తే పోదా?"

"కొంచెం తగ్గచ్చు. పూర్తిగా పోదు. కడిగినా పోదు."

మూకుట్లో ఇసక చప్పుడు ఆగిపోయింది. మళ్ళీ మొదలైంది, ఇంకాస్త జోరుగా.

పుల్ల వెలుతురుకి పెట్టి చూసింది మేడమ్. "ఈ బస్తా బాగానే ఉంది."

గోడవైపున్న చేటమ్మ మెడ కొంచెం ఇటు తిరిగింది.

"ఇదీ బాగానే ఉంది."

ఇప్పుడు భుజం కూడా తిరిగింది. కోడలు చూసి, మొగుడికి కనుసైగ చేసింది. బస్తా వెనక బస్తా బాగుందంటున్నకొద్దీ చేటమ్మ కూర్చున్నచోటే కూర్చుని, ఎవరూ గమనించడంలేదనుకుంటూ, గోడనించి గోదాముకేసి పూర్తిగా తిరిగిపోయింది. ఆ తిరగడంలోనే చెయ్యి టీ గ్లాసు మీదికి వెళ్ళింది. చల్లారిన టీ గటగటా తాగేసింది.

ఆఖరి బస్తా కూడా అయ్యాక మేడమ్ తల గోక్కుంది. "అన్నీ శుభ్రంగా ఉన్నాయి. ఇంత శుభ్రమైన సరుకు మా ఫ్యాక్టరీకి వచ్చి ఎన్నాళ్ళయిందో. మరి నాకు పంపిన సాంపిల్ ఏ బస్తాలోదండీ?"

కొడుకు తండ్రికేసి చూశాడు. సాంపిల్ కట్టి ఇచ్చింది ఆయనే. కోడలు చూసింది. చేటమ్మ చూసింది. మూకుడాయన తేలుకుట్టిన దొంగలా ఇసకలోకి చూస్తున్నాడు.

"ఏమండీ," అంది చేటమ్మ, చాలా నెమ్మదిగా.

"ఊఁ."

"మిమ్మల్నే."

"పరీక్ష అంటే పొడి కొట్టి, ఏవో నీళ్ళల్లో కలిపి పారబోస్తారని చెప్పారే," అన్నాడాయన గరిటెతో. "పారబోసేదానికి అమ్మకం గింజలు ఎందుకు దండగ అని…"

"అని?"

"ఇంటి డబ్బాలోంచి రెండు దోసిళ్ళు పోసి పంపాను."

ముందు నవ్వింది కోడలు. పొట్ట పట్టుకుని, గోనెసంచి మీద పక్కకి ఒరిగిపోయి నవ్వింది. తరవాత కొడుకు. ఆ తరవాత ఏం జరిగిందో తెలియకపోయినా మేడమ్ కూడా నవ్వడం మొదలుపెట్టింది. చేటమ్మ మాత్రం లేచి, చక్కా వెళ్ళి, మేకుకున్న చేట తీసి మొగుడి నెత్తిన ఒక్కటి వేసింది. గట్టిగా కాదు. రాత్రి తన నిద్ర పాడుచేసినందుకు ఎంత గట్టిగా వెయ్యాలో అంతే.

"నా కళ్ళు పోయాయని రాత్రంతా ఏడ్చాను. పక్కనే పడుకుని విన్నారు కదా మీరు."

"చెబుదామనే అనుకున్నానే. నీ ఏడుపులో సందు దొరకలేదు."

ఇంటి డబ్బా సంగతి తెలిస్తేగాని ఆ నవ్వు ఎందుకో మీకు తెలీదు. మూకుడాయన తాతలనాటినుంచీ ఈ ఇంటిది ఒకటే మాట. మంచివి జనానికి, మిగిలినవి మనకి. ఏరి తీసేసిన గింజలు ఎవరికీ అమ్మకూడదు, పారెయ్యనూ కూడదు. వంటింట్లో మూతపెట్టిన పెద్ద రేకుడబ్బాలో పోస్తారు. వాటినే వేయించి, రోట్లో నూరి ముద్ద చేసి ఇంటిల్లిపాదీ తింటారు. చేదుగా ఉన్నా చేదు అనకూడదు. అంటే అమ్మకం గింజ మీద ఆశపడ్డట్టు లెక్క. కొత్తకోడలు గడపలోకి రాగానే అత్తగారు మొదట నోట్లో పెట్టేది ఆ డబ్బాలోని ముద్దే. ఆ డబ్బాలో చెయ్యి పెట్టిన మనిషే ఈ ఇంటి మనిషి. అమ్మకం పొట్లం బయటివాళ్ళకి. వాళ్ళ పరువూ, ప్రేమా, చుట్టరికమూ అన్నీ ఆ రేకుడబ్బాలోనే ఉండేవి.

మేడమ్ వంటింట్లోకి వెళ్ళి డబ్బా మూత తీసింది. ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకుంది. గింజలు తీసి, అదే పొడి, అదే మందు, అదే పుల్ల. ఈసారి ఎక్కువసేపు చూడలేదు.

"అమ్మా, మీ చేతికి దండం పెట్టాలి," అంది చేటమ్మతో. "మా దగ్గర యంత్రం ఉంది, అది కూడా ఇంత బాగా ఏరదు. చెడ్డ గింజ దాదాపు ఒక్కటి కూడా మీరు జనం మీదికి పోనివ్వలేదు. అన్నీ ఏరి ఇందులో పోశారు."

చేటమ్మకి కళ్ళు చెమర్చాయి. పోయాయనుకున్న కళ్ళు. "విన్నారా?" అంది మొగుడితో. "వింటున్నారా అని అడుగుతున్నాను."

"అయితే ఈ డబ్బా దేనికండీ?" అంది మేడమ్. "పారెయ్యడానికా?"

"తినడానికి," అంది చేటమ్మ ఇంకా ఆ సంతోషంలోనే.

చేటమ్మ అన్న మాట చేటమ్మ చెవికే కాస్త ఆలస్యంగా చేరింది. ఆవిడ చూపు ముందు డబ్బా మీదికీ, అక్కణ్ణించి కోడలి పొట్ట మీదికీ వెళ్ళింది. వేవిళ్ళలో ఏదీ సహించక ఆ పిల్ల ఒంగి కూర్చుంటే, గరిటెడు ముద్ద తెచ్చి నోట్లో పెట్టింది తనే. "తిను, ఇంటిది, ఒంటికి మంచిది," అని బతిమాలి మరీ పెట్టింది.

చేటమ్మ డబ్బా మూత లాక్కుని బిగించేసింది. కోడలే వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"విషం పెట్టానమ్మాయ్ నీకు."

"మీరూ తిన్నారు కదత్తయ్యా. మీకు లేనిది నాకు పెట్టారా?"

"అందుకే ఇంకా భయం."

"మా అమ్మ ఇదే తిని పళ్ళూడేదాకా బతికింది," అని మూకుడాయన మీసం మీద చెయ్యి వేశాడు. "ఇది కాస్తా కోళ్ళకి వేస్తే సరి. ఎందుకు పారెయ్యడం?"

"కోళ్ళకి వద్దండీ," అంది మేడమ్ కంగారుగా. "వాటికీ ఇది విషమే. గేదెకి పెడితే పాలల్లోకి వస్తుంది. దూరంగా గొయ్యి తీసి పూడ్చెయ్యండి. మీరందరూ వెంటనే డాక్టరుకి చూపించుకోండి."

మర్నాడు పొద్దున్నే నలుగురూ వ్యాన్‌లో ఎక్కారు. సూది అంటే మూకుడాయనకి చచ్చేంత భయం. నర్సు చెయ్యి పట్టుకోగానే, "మా ఆవిడది ముందు తియ్యండి, ఆవిడ నాకంటే ఎక్కువే తింది," అన్నాడు. ఆస్పత్రి వరండాలో కూర్చున్నవాళ్ళందరూ నవ్వారు. చేటమ్మకి కూడా నవ్వొచ్చింది గానీ, రిపోర్టులు వచ్చేదాకా నవ్వనని ఒట్టు పెట్టుకుంది కనక దగ్గుగా మార్చేసింది.

సాయంత్రం డాక్టరమ్మ లోపలికి పిలిచింది. ముందు కోడల్ని బల్లమీద పడుకోబెట్టి పొట్టమీద ఏదో పెట్టింది. అంతే, గదినిండా బిడ్డ గుండెచప్పుడు. డబడబా, డబడబా, ఆగకుండా.

"ఇంత తొందరేమిటే దీనికి?" అంది చేటమ్మ నోరు తెరిచి.

"తొందర కాదమ్మా, అలాగే ఉండాలి. బిడ్డ ఎదుగుదల బాగుంది."

చేటమ్మ పెట్టుకున్న ఒట్టు గట్టున పెట్టేసింది. మొహమంతా నోరై నవ్వింది. కొడుకు కిటికీవైపు తిరిగి కళ్ళు తుడుచుకుంటూ, దుమ్ము పడిందన్నాడు. ఆస్పత్రి గదిలో దుమ్మేమిటని ఎవరూ అడగలేదు.

"రక్తపరీక్షల్లో మీ నలుగురి కాలేయాలూ ఇప్పటికైతే బాగున్నాయి," అంది డాక్టరమ్మ కాగితాలు పక్కనపెట్టి. "కానీ ఇది నాలుగు రోజుల్లో మనిషిని పడగొట్టే విషం కాదు. ఏళ్ళతరబడి కొంచెం కొంచెంగా కాలేయాన్ని తినేస్తుంది. క్యాన్సర్ దాకా తేవచ్చు. కనక ఇవాళ బాగుందని రేపు మళ్ళీ తినకండి. నేను చెప్పినప్పుడల్లా వచ్చి చూపించుకోండి."

"మా అమ్మ అయితే డాక్టరుగారూ…" అని మొదలుపెట్టాడు మూకుడాయన.

"మీ నాన్నగారో?"

ఆయన మీసం మీదికి వెళ్ళబోయిన చెయ్యి దించేశాడు. "నాన్న నడివయసులోనే పోయాడండీ," అన్నాడు. "పొట్ట ఉబ్బిపోయింది. తాగుడు లేదు, ఏ అలవాటూ లేదు. ఏమైందో అప్పట్లో ఎవరూ చెప్పలేదు."

"దీనివల్లే అని నేనూ చెప్పలేను," అంది డాక్టరమ్మ నెమ్మదిగా. "ఇక మీ ఇంట్లో ఆ డబ్బా ఉండకుండా చూసుకోండి, అంతే."

మూకుడాయన తలూపాడు. చేటమ్మ ఆయన మోచెయ్యి పట్టుకుంది. పెళ్ళయినప్పటినుంచీ నలుగురిలో ఆయన చెయ్యి పట్టుకోవడం ఆవిడకి అదే మొదలు.

"ఇంకెవరైనా తిన్నారా ఇది? ముఖ్యంగా కామెర్లు వచ్చి తగ్గినవాళ్ళు? కాలేయం ఒకసారి దెబ్బతిన్నవాళ్ళకి దీనివల్ల ఇంకా ఎక్కువ ప్రమాదం."

"లేరండీ, మేమే," అంది చేటమ్మ.

"అమ్మా," అన్నాడు కొడుకు. "సైరన్ అత్త."

సైరన్ అంటే మూకుడాయన చెల్లెలు. వెనకవీధిలో బట్టలు కుడుతుంది. ఆవిడ గొంతు లేస్తే మిషన్ చప్పుడు వినపడదు కనక మేనల్లుడు పెట్టిన పేరు అది. ఆ మేనల్లుడి పెళ్ళిలో తొందరలో ఎవరో ఆవిణ్ణి బయటివాళ్ళ వరసలో భోజనానికి కూర్చోబెట్టారు. "మా అన్న ఇంట్లో నేను బయటిదాన్నా?" అని ఆవిడ సగం విస్తట్లో లేచిపోయింది. ఆ రోజునుంచీ వదినా ఆడపడుచుల మధ్య మాటల్లేవు. ఒక్కటి మాత్రం ఆగలేదు. ఇంటి డబ్బాలోని ముద్ద సీసాలో నింపి చేటమ్మ కొడుకుతో పంపేది. ఖాళీ సీసా కడిగి ఆవిడ తిప్పిపంపేది. ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోకుండా ఆ సీసాతోనే చుట్టరికం నడుపుతున్నారు. ఆ పెళ్ళికి ముందు ఏడే ఆవిడకి పచ్చకామెర్లు వచ్చి మంచం పట్టి లేచింది.

"రేపే తీసుకురండి ఆవిణ్ణి," అంది డాక్టరమ్మ. "ఈలోపల ఒక్క చెంచా కూడా తినకూడదు."

ఇంటికి రాగానే తండ్రీకొడుకులు పెరటి చివర గొయ్యి తీశారు. మొహాలకి గుడ్డలు కట్టుకుని డబ్బా బోర్లించారు. మూకుడాయన మట్టి కప్పుతూ, "మా తాత కొన్న డబ్బా ఇది, గింజలు పోతే పోయాయి, డబ్బా అయినా కడుక్కుందామే," అన్నాడు. చేటమ్మ ఒక్క చూపు చూసింది. డబ్బా కూడా గోతిలోకి వెళ్ళింది.

లోపలికి వచ్చేసరికి కోడలు పళ్ళెంనిండా అమ్మకం గింజలు పోసి, మధ్యలో పెట్టి కూర్చుంది. ఎర్రగా వేగి, ఉప్పు పట్టి, ఒక్కో గింజా నిండుగా ఉంది. తండ్రీకొడుకులు గుమ్మంలోనే ఆగిపోయారు.

"అమ్మకం సరుకమ్మా అది," అన్నాడు మూకుడాయన గుడిసొమ్ము ముట్టుకున్నట్టు.

"ఇవాళ్టినుంచీ తిండి సరుకు మామయ్యా. రండి."

చేటమ్మ కూర్చుంది. ఒక గింజ తీసి వేళ్ళమధ్య తిప్పింది. ఇన్నేళ్ళుగా తను ఏరి, మొగుడు వేయించి, ఊరంతా తిన్న గింజ. తాను మాత్రం ఒక్కనాడు కూడా నోట్లో వేసుకోలేదు. వేసుకుంది. నమిలింది. నమలడం ఆపి మొగుడికేసి చూసింది.

"తియ్యగా ఉందండీ."

"వేరుశనగ తియ్యగా ఉండటమేమిటే, నీ మొహం," అని ఆయనా ఒకటి నోట్లో వేసుకున్నాడు. ఇంకొకటి వేసుకున్నాడు. పిడికెడు తీసుకున్నాడు. కాసేపు కళ్ళు మూసుకుని నమిలి, "ఒరేయ్, ఇంత బాగా వేయిస్తానా నేను?" అన్నాడు.

కోడలు నవ్వలేక పొట్ట పట్టుకుంది. కొడుకు పళ్ళెం తనవైపు లాక్కున్నాడు. చేటమ్మ వాడి చేతిమీద కొట్టి మళ్ళీ ఇవతలికి లాగింది. ముసలాయన మధ్యలో దొంగతనంగా ఇంకో పిడికెడు జేబులో వేసుకున్నాడు. పళ్ళెం ఖాళీ అయ్యేదాకా ఆ ఇంట్లో నవ్వులే నవ్వులు. పక్కింటావిడ గోడమీంచి తొంగిచూసి, ఏమైనా శుభవార్తా అని అడిగింది కూడా.

"నేను వెళ్ళి చెప్పిరానా సైరన్ అత్తకి?" అన్నాడు కొడుకు చేతులు దులుపుకుంటూ.

"వద్దు. నేనే వెళ్తాను," అంది చేటమ్మ.

ఆవిడ పమిట సర్దుకుంది. ఒట్టి చేతులతో ఆడపడుచు గడప ఎలా తొక్కుతుంది? వేయించి ఉంచిన అమ్మకం గింజలు మంచివి ఎంచి, పెద్ద పొట్లం కట్టింది. కడుపారా తిని తెలుసుకున్న రుచి, ఆవిడ కూడా తినాలని ముచ్చటపడింది. దారిపొడుగునా చెప్పాల్సిన మాటలు మనసులో పేర్చుకుంది. పెళ్ళిలో జరిగినదానికి ముందు క్షమాపణ. తరవాత డబ్బా సంగతి. ఆపైన రేపు ఆస్పత్రి. నడుస్తూ నడుస్తూ పెదాలు కదుపుతుంటే ఎదురొచ్చినవాళ్ళు తప్పుకుని నడిచారు.

తలుపు తీసింది సైరన్. మెడలో టేపు, నోట్లో గుండుసూదులు. గుమ్మంలో వదినని చూసి సూదులు ఒక్కొక్కటే తీసి చేతిలో పెట్టుకుంది. ఆవిడ మొహం విప్పారింది. ఆ విప్పారడం చూసి చేటమ్మకి దారిలో పేర్చుకున్న మాటలన్నీ కలగలిసిపోయాయి. తోచక పొట్లం ముందుకు చాపింది.

సైరన్ పొట్లం అందుకుంది. విప్పింది. నిండుగా, ఎర్రగా ఉన్న గింజల్ని చూసింది. విప్పారిన మొహం అలాగే వాడిపోయింది.

"ఇది బయటివాళ్ళకిచ్చే పొట్లం కదా వదినా," అంది. సైరన్ గొంతు అంత చిన్నగా కూడా పలుకుతుందని చేటమ్మకి అప్పటిదాకా తెలీదు.

"అది కాదమ్మా…"

"పెళ్ళిలో పొరపాటయిందనుకున్నాను. ముద్ద వస్తూనే ఉంది కదా, వదిన మనసులో నేనింకా ఇంటిదాన్నే అనుకున్నాను. ఇవాళ నువ్వే స్వయంగా వచ్చి అది కూడా తెంపేశావా?"

"నా మాట వినమ్మా, ఆ ముద్ద…"

వినే స్థితిలో లేదు సైరన్. పొట్లం కుట్టుమిషన్ మీద పెట్టి విసవిసా లోపలికి వెళ్ళింది. సగం నిండిన సీసాతో తిరిగొచ్చింది. చేటమ్మ చేత్తో నూరి పంపిన ముద్దే.

"నువ్వు కాదంటే అయిపోతుందా? ఇది మా నాన్న తిన్న డబ్బాలోది. నేను పుట్టి మొదట తిన్నది ఇదే. కావాలంటే చూడు, నీ ఎదురుగానే తింటాను," అని మూత తీసి చెంచాడు ముద్ద నోటిదాకా తెచ్చుకుంది.

చేటమ్మ ఒక్క అంగలో గడప దాటి ఆ మణికట్టు గట్టిగా పట్టుకుంది. చెంచా కిందపడింది.

సైరన్ తన చేతికేసి చూసుకుంది. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి.

"ఒక్క చెంచాడుకి కూడా తగనా వదినా నేను?" అంది.

చేటమ్మ చెయ్యి వదల్లేదు. చెప్పడానికి నోరు తెరిచింది.